డ్యాష్‌బోర్డు వెనుక మాట్లాడే పెట్టె

అమెరికాలో నేడు అమ్ముడవుతున్న పికప్ ట్రక్కుల్లో డ్యాష్‌బోర్డు వెనుకనో, సీటు కిందనో, పైకప్పు లోపలి పొరలోనో ఒక చిన్న పెట్టె ఉంటుంది. ఫోర్డ్ సంస్థ దానిని టెలిమాటిక్స్ కంట్రోల్ యూనిట్ అనీ, టయోటా డేటా కమ్యూనికేషన్ మాడ్యూల్ అనీ వ్యవహరిస్తాయి. జనరల్ మోటార్స్ బండ్లలో అది ఆన్‌స్టార్ పేరుతో ప్రసిద్ధం. పేరేదైనా లోపలి అమరిక దాదాపు ఒక్కటే: మొబైల్ టవర్లతో మాట్లాడే మోడెమ్, దానిలోనే అతికి ఉండే సిమ్, ఉపగ్రహాల సంకేతాలను బట్టి బండి ఎక్కడున్నదో లెక్కగట్టే రిసీవరు, ప్రమాదంలో బండి బ్యాటరీ తెగిపోయినా కొంతసేపు పనిచేయడానికి సొంతంగా మరో చిన్న బ్యాటరీ, వీటన్నింటినీ నడిపే చిన్న కంప్యూటరు. ప్రాణరక్షణ సాధనంగా మొదలైన ఈ పెట్టెను ఇప్పుడు కొందరు యజమానులు కొత్త ట్రక్కు కొన్న వెంటనే వెదికి పట్టుకుని ఊడదీస్తున్నారు. యంత్రం పట్ల ద్వేషంతో వారు ఈ పని చేస్తున్నారనుకోవడం పొరపాటు, ఎందుకంటే ట్రక్కు నడక మీద వారికి ఫిర్యాదేమీ లేదు. వారి అభ్యంతరమంతా అది తమ గురించి ఎవరితో ఏమి చెబుతున్నదో తమకు తెలియకపోవడం మీదే.

టెలిమాటిక్స్ అనే మాట మోటారు రంగంలో పుట్టలేదు. 1978లో ఫ్రాన్సు అధ్యక్షునికి సమర్పించిన ఒక నివేదికలో సిమోన్ నోరా, అలాన్ మాంక్ అనే ఇద్దరు అధికారులు, టెలిఫోను వ్యవస్థా కంప్యూటరూ ఒక్కటైపోతున్న స్థితిని సూచించడానికి రెండు ఫ్రెంచి పదాలను కలిపి దీనిని రూపొందించారు. అయితే బండికి ఫోను అమర్చినంత మాత్రాన బండి మాట్లాడదు. చెప్పడానికి దాని దగ్గర విషయం ఉండాలి. ఆ విషయాన్ని సమకూర్చినది జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1983లో ప్రారంభించి 1986లో డెట్రాయిట్‌లో ప్రకటించిన క్యాన్ అనే తీగల పద్ధతి. అంతకుముందు ప్రతి పరికరానికీ వేరువేరుగా తీగలు లాగవలసి వచ్చేది. ఈ పద్ధతిలో ఇంజను, బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు, తలుపుల కంప్యూటర్లన్నీ ఒకే జత తీగల మీద తమ సమాచారాన్ని వదులుతాయి, అవసరమైనవి వింటాయి. రచ్చబండ దగ్గర మాట్లాడుకున్నట్టు ఒకరి మాట అందరికీ వినిపిస్తుంది గాని, ఆ మాట అన్నది ఎవరో నిర్ధారించుకునే ఏర్పాటు అందులో లేదు. బయటివాడు ఎవడూ లోపలికి రాలేని రోజుల్లో అది లోపంగా కనిపించలేదు.

1996లో జనరల్ మోటార్స్ ఆన్‌స్టార్‌ను ప్రకటించి, 1997 నమూనా కాడిలాక్ కార్లలో ప్రవేశపెట్టింది. ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే పెట్టె తనంతట తానే ఒక కేంద్రానికి ఫోను చేస్తుంది, అక్కడి ఉద్యోగి బండి ఉన్న చోటు తెలుసుకుని అంబులెన్సును పంపుతాడు. ఊరికీ ఊరికీ మధ్య ఎంతో దూరం నిర్మానుష్యంగా ఉండే అమెరికా రహదారుల మీద ఇది నిస్సందేహంగా గొప్ప మేలు. కాని ఆ తొలి పెట్టెలు అనలాగ్ మొబైల్ వ్యవస్థ మీద ఆధారపడినవి. 2008 ఆరంభంలో ఆ సేవ నిలిచిపోవడంతో, నిక్షేపంగా నడుస్తున్న కార్లలో మార్చడానికి వీలులేని పెట్టెలు మూగబోయాయి. 2022లో అక్కడి టెలిఫోను సంస్థలు 3జీని మూసివేసినప్పుడు మరో తరం బండ్లకు అదే గతి పట్టింది. ఇరవై ఏళ్లు మన్నే ట్రక్కును, అంతకాలం నిలుస్తుందన్న హామీ లేని మొబైల్ తరానికి కట్టివేయడం యజమాని చేసిన తప్పు కాదు.

4జీ వచ్చి డేటా చౌక అయిన తర్వాత ఈ పెట్టె స్వభావమే మారింది. ప్రమాదం జరిగితేనే నోరు విప్పినది ఇప్పుడు ప్రతి ప్రయాణాన్నీ నివేదించసాగింది. ఆన్‌స్టార్ స్మార్ట్ డ్రైవర్ పథకం కింద సేకరించిన గట్టి బ్రేకుల, అతివేగాల, అర్ధరాత్రి ప్రయాణాల వివరాలు లెక్సిస్‌నెక్సిస్, వెరిస్క్ అనే సమాచార వ్యాపార సంస్థలకు చేరాయనీ, వాటి ఆధారంగా కొందరి బీమా రుసుము పెరిగిందనీ 2024 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. ఆ ఏడాది ఆగస్టులో టెక్సస్ రాష్ట్రం జనరల్ మోటార్స్ మీద దావా వేసింది. 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, కొన్ని సందర్భాల్లో మూడు సెకన్లకు ఒకసారి బండి ఉనికి నమోదయిందని పేర్కొంటూ, అటువంటి వివరాలను వినియోగదారుల నివేదికలు తయారుచేసే సంస్థలకు ఐదేళ్లపాటు ఇవ్వకూడదన్న ఉత్తర్వును ప్రతిపాదించింది. అడ్డం వచ్చిన పిల్లవాణ్ణి కాపాడటానికి తొక్కిన బ్రేకు, నిర్లక్ష్యంగా నడిపి ఆఖరి క్షణంలో తొక్కిన బ్రేకు ఆ పట్టికలో ఒకే తీరుగా నమోదవుతాయి. డ్రైవరు నేర్పును తూచడానికి ఇది సరైన త్రాసు కాదు.

ఇదే దారిన మాట బయటికి పోవడమే కాక ఆజ్ఞ లోపలికి కూడా రాగలదని 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే పరిశోధకులు నిరూపించారు. మైళ్ల దూరాన కూర్చుని, మొబైల్ నెట్‌వర్కు ద్వారా ఒక జీప్ చెరోకీ లోపలికి ప్రవేశించి, రహదారి మీద వెళుతున్న దాని వేగాన్ని వారు తగ్గించగలిగారు. ఫియట్ క్రైస్లర్ సంస్థ 14 లక్షల వాహనాలకు మరమ్మతు ప్రకటించవలసి వచ్చింది. క్యాన్ తీగల మీద మాట్లాడేది ఎవరో ఎవరూ అడగరన్న పాత విషయం ఇక్కడ బయటపడింది.

పెట్టెను తొలగించే పనిలో అన్నిటికన్నా తేలికైన మార్గం సంస్థను అడిగి సేవలు రద్దు చేయించుకోవడం, లేదా తెర మీది పట్టికలో డేటా పంపకాన్ని ఆపివేయడం. అయితే ఈ పద్ధతిలో మోడెమ్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది, ఆగినదా లేదా అన్నది యజమాని స్వయంగా తేల్చుకోలేడు. రెండవది ఫ్యూజు తీయడం. టయోటా బండ్లలో ఫ్యూజుల పెట్టె మూత మీద డీసీఎం అన్న అక్షరాలతో దానిని గుర్తించవచ్చు. కాని టయోటా వారి ఇటీవలి కొన్ని నమూనాల్లో ఆ ఫ్యూజు తీయగానే బ్లూటూత్ ఫోను మైకూ, ముందు స్పీకర్లలో ఒకటీ మూగబోతాయి, ఎందుకంటే వాటి తీగలు ఈ పెట్టె గుండా పోతాయి. అత్యవసర కాల్‌లో మాట్లాడటానికి పెట్టెకు మైకూ స్పీకరూ కావాలన్నది సమంజసమైన కారణమే. అయినా పెట్టె ఆగితే వాటిని నేరుగా కలిపే చిన్న రిలే ఒకటి అమర్చి ఉంటే సరిపోయేది; ఆ మాత్రం ఏర్పాటు లేకపోవడం సాంకేతిక అనివార్యత కాదు, రూపకర్తల నిర్ణయం. అందువల్ల యజమానులు పెట్టెను పూర్తిగా ఊడదీసి, మన ఆటో ఎలక్ట్రీషియన్లు కప్లర్ అని పిలిచే అతుకు దగ్గర మైకు, స్పీకరు తీగల కొనలను నేరుగా కలిపే చిన్న వైరింగును అమర్చుకుంటున్నారు.

పెట్టెను ఉన్నచోటనే ఉంచి యాంటెన్నాను మాత్రం విడదీసేవారు మరికొందరు. యాంటెన్నాల అతుకులకు రంగులుంటాయి: సాధారణంగా నీలం ఉపగ్రహ రిసీవరుది, ముదురు ఊదా ఎరుపు మొబైల్‌ది. ఊరకే విడదీస్తే టవరు దగ్గరలో ఉన్నప్పుడు బలహీనంగానైనా సంకేతం అందవచ్చు. కనుక యాంటెన్నా స్థానంలో 50 ఓముల నిరోధకాన్ని బిగిస్తారు, అప్పుడు మోడెమ్ పంపే రేడియో శక్తిలో అత్యధిక భాగం గాలిలోకి పోకుండా అందులోనే వేడిగా మారుతుంది. దీనిలోనూ ఒక చిక్కుంది: టవరు దొరకని మోడెమ్ పదేపదే వెదుకుతూ, వారాల తరబడి నిలిపి ఉంచిన ట్రక్కు బ్యాటరీని తోడేయవచ్చు. డ్యాష్‌బోర్డు విప్పేవారు ముందుగా బ్యాటరీ తీగ తీసి, తయారీదారు సూచించినంతసేపు ఆగడం, పసుపు రంగు కప్లర్లను తాకకపోవడం తప్పనిసరి, ఎందుకంటే అవి ఎయిర్‌బ్యాగులవి. పెట్టె పోయిన తర్వాత మిగిలిన కంప్యూటర్లు ఒక సభ్యుడు పలకడం లేదని గుర్తించి, యూ అక్షరంతో మొదలయ్యే లోప సంకేతాలను నమోదు చేస్తాయి, అత్యవసర బటను దీపం ఎర్రబడవచ్చు. ఇంజను మాత్రం ఎప్పటిలాగే నడుస్తుంది.

దీనితో బండి పూర్తిగా మౌనం వహిస్తుందని భావించరాదు. ప్రమాదానికి ముందు క్షణాల వేగాన్ని, బ్రేకును దాచుకునే ఈవెంట్ డేటా రికార్డరు ఎయిర్‌బ్యాగు కంప్యూటరులోనే ఉంటుంది. టైర్లలో గాలి ఒత్తిడిని తెలిపే సెన్సార్లు ఒక్కొక్కటీ తన ప్రత్యేక సంఖ్యను రేడియోలో బాహాటంగా ప్రసారం చేస్తాయనీ, దానిని 40 మీటర్ల దూరం నుంచి పట్టవచ్చనీ రట్గర్స్, సౌత్ కరోలినా విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2010లోనే చూపారు. తెరకు ఫోను కలిపితే ఆ ఫోనే మరో మోడెమ్ కాగలదు. ఇక కోల్పోయేవి కూడా చిన్నవి కావు: మొబైల్ ద్వారా వచ్చే సాఫ్ట్‌వేర్ సవరణలు ఆగిపోతాయి, దొంగిలించిన బండి జాడ తెలియదు, అన్నింటికంటే ముఖ్యంగా స్పృహ తప్పిన డ్రైవరు తరఫున ఫోను చేసేవారు ఉండరు. ఒంటరిగా దూరప్రయాణాలు చేసేవారు ఈ చివరి విషయాన్ని తేలికగా తీసుకోకూడదు.

ఈ పెట్టె లేకుండా బండి నడవదన్న వాదానికి జవాబు తయారీదారుల నుంచే వచ్చింది. మసాచుసెట్స్ ఓటర్లు 2020 నవంబరులో, బండి వైర్‌లెస్‌గా పంపే మరమ్మతు సమాచారం యజమానికీ అతను ఎంచుకున్న మెకానిక్కుకూ అందాలన్న చట్టాన్ని సుమారు 75 శాతం మద్దతుతో ఆమోదించగా, సుబారు, కియా సంస్థలు ఆ నిబంధనను పాటించడానికి బదులు ఆ రాష్ట్రంలో కొత్త కార్లకు కనెక్టెడ్ సేవలనే నిలిపివేశాయి. కార్లు మాత్రం అమ్ముడయ్యాయి, నడిచాయి.

తెలుగు పాఠకులకు ఇది దూరదేశపు ముచ్చట కాదు. పెనుకొండ దగ్గరి కియా కర్మాగారం నుంచి 2019లో వెలువడిన సెల్టోస్ ఇటువంటి కనెక్టెడ్ సేవలతోనే మార్కెట్లోకి వచ్చింది. అద్దె కార్లు, బస్సుల వంటి ప్రయాణికుల వాహనాలకు అదే ఏడాది నుంచి కేంద్ర ప్రభుత్వం బండి ఉనికిని తెలిపే పరికరాన్నీ, అత్యవసర బటనునూ నిర్దేశించింది. ప్రజల భద్రత కోసం ఉద్దేశించిన ఆ పరికరాన్ని ఊడదీయడం యజమాని ఇష్టానికి వదిలిన విషయం కాదు. సొంత కారు సంగతి వేరు.

రక్షణ కావాలంటే నిఘాను భరించక తప్పదన్నది నిజం కాదని యూరప్‌లో అమలవుతున్న ఈకాల్ పద్ధతి చూపుతున్నది. 2018 మార్చి 31 నుంచి అక్కడ కొత్తగా ఆమోదం పొందే కార్ల నమూనాలకు తప్పనిసరైన ఈ వ్యవస్థను, తయారీదారులు వేరుగా అందించే కనెక్టెడ్ సేవలతో కలపకుండా, మామూలు ప్రయాణంలో బండి జాడ ఎవరికీ చిక్కకూడదన్న షరతుతో చట్టం నిర్మించింది. అందులోని పరికరం బండి చివరి మూడు స్థానాలను మాత్రమే గుర్తుంచుకుంటుంది, పాతవాటిని ఎప్పటికప్పుడు చెరిపివేస్తుంది. ప్రమాదం జరిగినప్పుడో, బండిలోనివారు అత్యవసర బటను నొక్కినప్పుడో మాత్రమే అత్యవసర సంఖ్య 112కు ఫోను చేసి, గరిష్ఠంగా 140 బైట్ల సమాచారాన్ని పంపుతుంది.