కట్టడానికి మూడేళ్లు... నార తీయడానికి అయిదేళ్లు!

రాతినార అంటే ఏమిటో కడప జిల్లా ప్రజలకు కొత్తగా చెప్పనక్కరలేదు. పులివెందుల ప్రాంతంలో బ్రాహ్మణపల్లె, లింగాల వైపు భూమిలో దొరికే తెల్ల రాతినార మేలురకంగా పేరు తెచ్చుకుంది. నిప్పుకు కాలదు, నీటికి చివకదు, చెదకు లొంగదు. సిమెంటులో కలిపితే ఇంటిమీది రేకవుతుంది. ఇన్ని సుగుణాలున్న ఈ నారను ఒక దేశం ఏరికోరి తన పార్లమెంటు భవనానికి పూసుకుంది. ఆ పూతను గీకి తీయడానికి అయిదేళ్లు పట్టింది. జర్మనీ రాజధాని బెర్లిన్‌లో జరిగిన ఈ వ్యవహారం రేకుల కింద కాపురముంటున్న మన పల్లెజనం తెలుసుకోదగినది.

దీపాల కొట్టు

రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ రెండు దేశాలుగా చీలిపోయిన సంగతి తెలిసిందే. బెర్లిన్ నడిబొడ్డున ఉన్న పాత రాజుల కోటను తూర్పు జర్మనీ ప్రభుత్వం 1950లో పడగొట్టించింది. ఆ స్థలంలోనే ‘పలాస్ట్ డెర్ రిపబ్లిక్’, అంటే గణతంత్ర సౌధం పేరిట కొత్త భవనానికి పూనుకుంది. 1973 నవంబరులో శంకుస్థాపన జరిగింది. మూడేళ్లు తిరగకుండానే, 1976 ఏప్రిల్ 23న ప్రారంభోత్సవమూ అయిపోయింది.

సౌధం పొడవు దాదాపు 180 మీటర్లు. ఒక పక్క ఆ దేశపు పార్లమెంటు కూర్చునే హాలు, మరో పక్క 5,000 మంది పట్టే సభామందిరం ఉండేవి. హోటళ్లు, నాటకశాల, తపాలా ఆఫీసు కూడా లోపలే. పార్లమెంటు భవనమైనా సామాన్యులు భార్యాబిడ్డలతో వచ్చి, కాఫీ తాగి, పాట కచేరీ విని పోయేవారు. లోపల వేలాడే లెక్కలేనన్ని దీపాలను చూసి, దేశాధినేత ఎరిక్ హోనెకర్ పేరు కలిపి, ‘ఎరిక్ గారి దీపాల కొట్టు’ అని నగరవాసులు వేళాకోళం చేసేవారు.

సర్కారుకు మినహాయింపు

ఆ భవనానికి ఉక్కు దూలాలే ఎముకలు. అగ్నిప్రమాదం జరిగితే ఉక్కు వేడికి మెత్తబడి వంగిపోతుంది. దీనికి విరుగుడుగా దూలాల మీద రాతినార కలిపిన ముద్దను పంపులతో చిమ్మారు. ఇలా చిమ్మే పద్ధతి ప్రాణాంతకమని తూర్పు జర్మనీ 1969లోనే నిషేధించింది. అయినా సర్కారు వారి సౌధం కావడంతో ప్రత్యేక అనుమతి మంజూరైంది. తాను చేసిన కట్టడిని తానే సడలించుకున్న ఫలితం తర్వాత తెలిసివచ్చింది.

1989 నవంబరులో బెర్లిన్ గోడ తెరుచుకుంది. మరుసటి ఏడాది ఆగస్టు 23న పశ్చిమ జర్మనీతో కలిసిపోవాలని తూర్పు జర్మనీ పార్లమెంటు తీర్మానించింది. 1990 సెప్టెంబరు 19న రాతినార కారణంగా సౌధానికి తాళం పడింది. సరిగ్గా రెండు వారాల తర్వాత, అక్టోబరు 3న, ఆ దేశమే లేకుండా పోయింది.

కంటికి కనిపించని శత్రువు

రాతినార పొడి పొడిగా రాలినప్పుడు కంటికి ఆనని పోగులు గాలిలో తేలుతాయి. ఊపిరితో పాటు లోపలికి పోయిన పోగు అరగదు, కరగదు. ఊపిరితిత్తులను గట్టిపరచి ఆయాసం తెస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సరుకు, వాటి చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సరుకు దారితీస్తుంది. జబ్బు వెంటనే బయటపడదు. 20 ఏళ్లు, 30 ఏళ్లు, ఒక్కొక్కప్పుడు 40 ఏళ్లు పడుతుంది. పడుచుతనంలో పీల్చిన దుమ్ము ముసలితనంలో మంచాన పడేస్తుందన్నమాట. దీనికి తోడు బీడీ, సిగరెట్ అలవాటుంటే ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

శుద్ధి చేసిన తీరు

ఎనిమిదేళ్లు ఖాళీగా పడివున్న సౌధంలో 1998లో రాతినార తొలగింపు మొదలై 2003లో ముగిసింది. లోపలున్నది సుమారు 5,000 టన్నులని అక్కడ చెప్పే లెక్క. ఇలాంటి పనికి పలుగు, పార చాలవు. పని జరిగే భాగాన్ని మందపాటి ప్లాస్టిక్ పట్టాలతో మూసివేస్తారు. లోపలి గాలి వెలుపలికి పోకుండా యంత్రాలతో లాగి, వడపోసి వదులుతారు. పూతను నీటితో తడుపుతూ గీకుతారు. కూలీలు ముఖానికి మాస్కు, ఒంటికి నిండు దుస్తులు వేసుకుంటారు. బయటికి వచ్చేటప్పుడు ఆ దుస్తులు అక్కడే వదిలి, స్నానం చేసి రావాలి. గీకిన నారను సంచుల్లో మూటగట్టి, గుర్తు వేసి, కేటాయించిన చోట పూడ్చాలి. చివరికి గాలిని పరీక్షించి, పోగులు లేవని తేలాకే ఆ భాగం శుద్ధి అయినట్టు.

ఇంతా చేస్తే మిగిలింది ఉక్కు, కాంక్రీటు బోదె మాత్రమే. శుద్ధి అయిన భవనాన్ని బాగుచేసి వాడుకోవాలని తూర్పు ప్రాంతం వారు చాలామంది కోరారు. పశ్చిమ బెర్లిన్‌లో 1979లో తెరిచిన పెద్ద సమావేశ భవనంలోనూ రాతినార ఉంది కదా, దాన్ని కూల్చలేదేమని నిలదీశారు. రాతినార ఒక సాకు మాత్రమేనని వారి వాదన. జర్మనీ పార్లమెంటు మాత్రం కూల్చివేతకే మొగ్గింది. 2006లో మొదలైన పని 2008 చివరికి పూర్తయింది. అదే చోట పాత కోట రూపంలో కట్టిన ‘హుంబోల్ట్ ఫోరం’ 2021 జూలైలో సందర్శకులకు తలుపులు తెరిచింది.

మన రేకుల సంగతి

జర్మనీ 1993లో రాతినారను నిషేధించింది. మన దేశంలో కొత్త గనుల లీజులు 1986లో, పాతవాటి పొడిగింపు 1993లో ఆపేశారు గాని, దిగుమతి చేసుకున్న తెల్ల రాతినారతో రేకుల తయారీ సాగుతూనే ఉంది. అలాగని రేకుల ఇంట్లో ఉన్నవారు గాభరాపడవలసిన పని లేదు. బెర్లిన్ సౌధంలోని పూత తాకితే రాలేది. సిమెంటు రేకులో నార గట్టిగా పట్టుకుని ఉంటుంది. రేకు పగలనంతవరకు అంత ప్రమాదం లేదు. కోసినప్పుడు, తొలిచినప్పుడు, పగిలినప్పుడు, ఏళ్ల తరబడి ఎండకు వానకు పైపొర గుల్లబారినప్పుడే దుమ్ము లేస్తుంది.

కోతులు దూకి పగిలిన రేకులను సుత్తితో నలగ్గొట్టి పశువుల కొట్టంలో, బాటలోని గుంతల్లో పోయడం మంచిది కాదు. ఆ పొడి బండ్ల కింద, డెక్కల కింద నలిగి గాలిలో కలుస్తుంది. రేకు మార్చేటప్పుడు నీళ్లు చల్లి, పగలగొట్టకుండా నిండుగా దించాలి. ముక్కలను పొడి చీపురుతో ఊడ్వరాదు. తడిపి, ఏరి, గోతంలో కట్టాలి. పిల్లలను దగ్గరికి రానివ్వరాదు. పని చేసిన బట్టలు ఇంట్లో దులపకుండా వెంటనే నీళ్లలో వేయాలి.

గనుల్లో, రేకుల ఫ్యాక్టరీల్లో పనిచేసిన వారి విషయం మరీ ముఖ్యం. రాతినార కార్మికుని ఆరోగ్య వివరాలను పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానిన తర్వాత 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు యాజమాన్యం భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995 జనవరిలో తీర్పు చెప్పింది. పని మానేసి ఏళ్లు గడిచినా ఆయాసం, తగ్గని దగ్గు వేధిస్తుంటే, డాక్టరు వద్ద ఆ పాత పని సంగతి తప్పక చెప్పాలి. అడగకపోయినా చెప్పాలి. చెప్పకపోతే ఉబ్బసమనో క్షయ అనో మందులిచ్చి పంపే అవకాశం ఉంది.

పాత బడులు, ఆఫీసుల పైకప్పులు విప్పించేటప్పుడు కాంట్రాక్టరు రేకులను ఎలా దించుతున్నాడో, ముక్కలు ఎక్కడ పారబోస్తున్నాడో పంచాయతీలు గమనించాలి. నీటి వనరులకు, నివాసాలకు దూరంగా వాటికి ఒక చోటు అధికారులు చూపించాలి. బెర్లిన్‌లో లాగా కోట్లు కుమ్మరించే స్తోమత మన పంచాయతీలకు లేదు. దుమ్ము లేవకుండా ముందే జాగ్రత్తపడటానికి మాత్రం బిందెడు నీళ్లు, కాస్త ఓపిక చాలు.