బయానా ఎంత?

మీలో ఎంతమందికి వడ్డీ లెక్కలంటే విసుగు? చేతులు ఎత్తనక్కరలేదు, నాకు తెలుసు. ఖమ్మానికీ భద్రాచలానికీ నడుమ, అడవి అంచు బడుల్లో చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఒకరోజు తొమ్మిదో తరగతిలో చక్రవడ్డీ చెబుతుంటే వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "సార్, మా ఇంట్లో అప్పు రూపాయల్లో ఉండదు, వడ్లలో ఉంటుంది" అన్నాడు. తరగతంతా నవ్వింది. నేను సుద్దముక్క వాడి చేతికిచ్చాను.

శ్రావణంలో ఒక బస్తా వడ్లు తెచ్చుకుంటే, పుష్యంలో బస్తాన్నర కొలవాలి. దీన్నే నాగు అంటారు. అయిదు నెలలకు సగం బస్తా వడ్డీ. అంటే నెలకు నూటికి పది రూపాయలన్నమాట! పంట పోయి అప్పు తిరగరాస్తూ పోతే మూడో విడతకు ఏమవుతుంది? 1.5 × 1.5 × 1.5 = 3.375. ఒక్క బస్తా మూడు బస్తాలు దాటిపోయింది. కుర్రాడు ఆ అంకె దగ్గరే ఆగి, "మా నాన్న ఇంతా కొలిచాడు సార్" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కాసేపటికి వాడే అడిగాడు: "ఇలాంటి లెక్కలు పెద్ద చదువుల్లో కూడా చెబుతారా?"

చెబుతారు. ఆ శాస్త్రం పేరు విత్త గణితం. విత్తమంటే ధనం. దాన్ని బోధించే ఆచార్యులు ఇప్పుడు ఎన్నో విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు. వారు చెప్పేదేమిటో ఒక చిన్న లెక్కతో చూద్దాం.

వడ్డీ లెక్కలో రేపు ఎంత వస్తుందో ఇవాళే తెలుసు. కాని ఖమ్మం మార్కెట్లో మిర్చి ధర రేపు ఎంతో ఎవరు చెప్పగలరు? క్వింటాలు ఇవాళ 10,000 రూపాయలు అనుకుందాం. నెల తరువాత అది 12,000 అయినా కావాలి, 8,000 అయినా కావాలి. ఒకాయన వచ్చి, "నెల తరువాత నాకు ఇష్టమైతే ఒక క్వింటాలు 10,000కే కొంటాను, లేకుంటే మానేస్తాను. మానేసినా, కొన్నా బయానా నీదే. ధరలో మినహాయించను" అన్నాడు. బయానా ఎంత అడగాలి?

"ధర పెరిగే అవకాశం ఎంతో తెలియాలి కదా!" అంటారు మీరు. అక్కరలేదు! అదే ఇందులోని చమత్కారం.

మాట ఇచ్చినవాడు ఇవాళే అర క్వింటాలు మిర్చి 5,000కు కొని ఉంచుతాడు. ధర పెరిగితే దాని విలువ 6,000. కాని 12,000 సరుకును 10,000కే ఇవ్వాలి కనుక 2,000 నష్టం. మిగిలేది 4,000. ధర తగ్గితే అవతలివాడు రాడు, అర క్వింటాలు విలువ 4,000. ఎటు తిరిగినా మిగిలేది 4,000 రూపాయలే! అంటే నెల తరువాత 4,000 తీర్చేటట్లు ఇవాళ అప్పు తేవచ్చు. నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున ఆ అప్పు 4,000 ÷ 1.02 = 3,922 రూపాయలు. మిర్చి కొనడానికి కావలసిన 5,000లో తక్కువైన 1,078 రూపాయలే సరైన బయానా.

చూశారా, ఇందులోనూ వడ్డీ లెక్క వచ్చింది! ఈ రెండు దారుల పద్ధతిని 1979లో కాక్స్, రాస్, రూబిన్‌స్టీన్ అనే ముగ్గురు ప్రకటించారు. నెలను రోజులుగా, గంటలుగా, క్షణాలుగా ముక్కలు చేస్తూ పోతే, బ్లాక్, షోల్స్ 1973లో ఇచ్చిన ప్రసిద్ధ సూత్రం వస్తుంది. ఆ పనికి 1997లో షోల్స్‌కూ, మెర్టన్‌కూ నోబెల్ బహుమతి లభించింది. బ్లాక్ అప్పటికే, 1995లో, మరణించాడు.

ఈ విద్యకు ఆద్యుడు ఫ్రాన్సు దేశస్థుడు లూయీ బాషెలియే. ధరల ఊగిసలాటను గణితంలో పెట్టి 1900లో పారిస్‌లో సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. నీటిలో పుప్పొడి నుంచి వెలువడిన రేణువులు అటూ ఇటూ కదలడాన్ని ఐన్‌స్టీన్ లెక్కకట్టింది 1905లో. రెండింటి గణితమూ ఒకటే! అయినా బాషెలియేకు శాశ్వతమైన ఆచార్య పదవి వెంటనే రాలేదు. అతని పనిలో తప్పుందని పెద్ద గణితవేత్త పాల్ లెవీ రాసిన ఉత్తరం వల్ల 1926లో డిజోన్ విశ్వవిద్యాలయం కాదన్నది. ఆ విమర్శ పొరపాటని తరువాత తేలింది, లెవీ క్షమాపణ కోరాడు. చివరకు 1927లో, 57వ ఏట, బెజాంసోన్‌లో బాషెలియే ఆచార్యుడయ్యాడు.

సూత్రం తెలిస్తే చాలుననుకోకండి. నోబెల్ పొందిన ఆ ఇద్దరూ భాగస్వాములైన ఒక సంస్థ 1998లో కొద్ది నెలల్లోనే 400 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. మన లెక్కలో ధరకు రెండే దారులు పెట్టాం. నిజం మార్కెట్టు ఆ మాట వినదు. ఎక్కడ లెక్క పని చేయదో చెప్పడం కూడా ఉపాధ్యాయుని పనే.

ఈ పదవికి చేరే దారి మీ పుస్తకంలోనే మొదలవుతుంది: ఘాతాంకాలు, సంవర్గమానాలు, సంభావ్యత, ఆపైన కలనగణితం. తెలుగువాడైన సి.ఆర్. రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, గణాంకశాస్త్రంలో ప్రపంచ ఖ్యాతి పొందారు. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకున్నారు. యు.జి.సి. 2018 నిబంధనల ప్రకారం అధ్యాపక పదవికి పి.జి.లో కనీసం 55 శాతం మార్కులు ఉండాలి. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 50 శాతం చాలు. దానితోపాటు నెట్ వంటి అర్హత పరీక్షో, పిహెచ్.డి.యో కావాలి.

అందరూ ఆచార్యులు కానక్కరలేదు. ఆ మరుసటి వారం మా కుర్రాడు వాళ్ల నాన్న రాసిచ్చిన అప్పు నోటు నకలు తెచ్చాడు. తేదీ, వడ్డీ వాడే చదివి, బాకీ ఎంతో వాడే తేల్చాడు. ఆ ఇంట్లో లెక్క చూసుకుని వేలిముద్ర వేసే రోజు వచ్చిందని నాకు ఆనందం వేసింది.

ఇక మీ వంతు. పై లెక్కలో నెల తరువాత ధర 13,000 లేదా 8,000 అయ్యేటట్లయితే బయానా ఎంత? ఈసారి అర క్వింటాలు కాదు, 60 కిలోలు కొని ఉంచాలి. ఎందుకో ఆలోచించండి. జవాబు 1,294 రూపాయలు రావాలి.