బ్రేకు గట్టిపడితే గొట్టం చూడండి

మన హాస్టల్లో చదివి నేడు కారు నడుపుతున్న అన్నలు, అక్కలు చాలామందే ఉన్నారు. వారికోసం ఈ నాలుగు మాటలు.

పెట్రోలు ఇంజను ఐడిలింగులో ఉన్నప్పుడు థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది. సిలిండర్లు గాలిని లాగుతుంటాయి కనుక ఇన్‌టేక్ మానిఫోల్డులో పీడనం బాగా తగ్గుతుంది. ఆ పీల్పే లావుపాటి రబ్బరు గొట్టం ద్వారా బ్రేకు బూస్టరుకు చేరి మన కాలికి సాయపడుతుంది.

వేడికి ఆ గొట్టం ఎండి, బిగింపు దగ్గర చీలితే బయటి గాలి దూరుతుంది. బుస్సుమని శబ్దం వస్తుంది, ఇంజను నిలకడగా తిరగదు, పెడల్ గట్టిపడుతుంది. బ్రేకు పడుతుంది గానీ ఎంతో బలంగా తొక్కాలి. మేము చూసిన షెడ్లలో కొందరు ఐడిలింగు స్క్రూ తిప్పి పంపించేస్తారు. అది రోగాన్ని దాచడమే.

అనుమానమున్న చోట సబ్బునీళ్లు రాస్తే నురగ లోపలికి పోతుంది. పెట్రోలు మాత్రం చల్లకండి, మంటలంటుకుంటాయి.

చీలిక చివరనే ఉండి, పొడవు సరిపోతే, ఇంజను చల్లారాక ఆ మేర నున్నగా కోసి కొత్త క్లిప్పుతో బిగించవచ్చు. లేదంటే మార్చాల్సిందే. నీళ్ల పైపు పనికిరాదు, పీల్పుకు నొక్కుకుపోతుంది. మధ్యలోని వాల్వును తిరగేయకూడదు.

తర్వాత ఇంజను ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, అలాగే తొక్కిపట్టి స్టార్టు చేయండి. పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే బండిని రోడ్డెక్కించకండి.