నల్లరాయిలో ఎరుపు

పంచదార మిల్లు లేబొరేటరీలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. చెరుకు బళ్ళు వచ్చాయంటే రసం తీసి, రెండు చుక్కలు రిఫ్రాక్టోమీటరు గాజు మీద వేసి, కన్ను ఆనించి చూడాలి. లోపల కొంత వెలుగు, కొంత చీకటి. రెంటికీ మధ్య గీత ఏ అంకె దగ్గర ఆగితే అదే బ్రిక్స్. రసంలో కరిగి ఉన్నదెంతో ఆ అంకె చెబుతుంది. అందులో ఎక్కువ పాలు పంచదారే. రిటైరై ఆరేళ్ళయింది. చోడవరంలో ఇంటి వెనక వసారాలో కూర్చుని గార్నెట్ రాళ్ళు సానపడుతున్నాను. ఇప్పుడూ చూస్తున్నది ఆ గీతనే. రసం ఉండే చోట రాయి ఉంది.

ఎలాగంటారా? వెలుతురు గాలిలోంచి రాయిలోకి దిగేటప్పుడు వంగుతుంది. రాయి లోపలి నుంచి అడుగు పలకను తాకినప్పుడు దానికి రెండే దార్లు. పలకకు ఎదురుగా వచ్చి గుద్దితే బయటికి జారిపోతుంది. ఒక హద్దుకు మించి వాలుగా వచ్చి తగిలితే పోలేదు, అద్దానికి తగిలినట్టు వెనక్కి తిరుగుతుంది. ఆ హద్దు కోణం ఒక్కో రాయికి ఒక్కోలా ఉంటుంది. స్ఫటికానికి 40 డిగ్రీలు దాటుతుంది, ఎర్ర గార్నెట్‌కు 34 దగ్గర. మా లేబొరేటరీ పరికరంలో వెలుగునూ చీకటినీ విడదీసే గీతను గీసేది ఆ హద్దే. సానపట్టేవాడు చెయ్యాల్సిందల్లా పైనుంచి దిగిన వెలుతురు రెండు మూడు అడుగు పలకలకు తగిలి మళ్ళీ మన కంట్లోకి వచ్చేట్టు వాలు పెట్టడం. నేను గార్నెట్ అడుగును 42 డిగ్రీలకు కోస్తాను.

వాలు తక్కువైతే రాయి నడుమ వెలవెలబోతుంది. ఈ పనిలో దాన్ని కిటికీ అంటారు. మీ ఇంట్లో ఏ ఉంగరం రాయైనా తీసి న్యూస్‌పేపర్ మీద బోర్లించకుండా పెట్టి, నిలువుగా చూడండి. మధ్యలోంచి అక్షరాలు చదవగలిగితే అది కిటికీ ఉన్న రాయి. బజారులో దొరికే చవక రాళ్ళు చాలావాటికి ఉంటుంది. కోసినవాడికి చేతగాక కాదు. రాళ్ళను బరువు చూసి అమ్ముతారు, సరైన వాలు పెడితే బరువు పోతుంది. క్యారట్ అంటే గ్రాములో ఐదో వంతు. నా చేతిలో 12 క్యారట్ల ముడిరాయి 3 క్యారట్ల దగ్గర తేలుతుంది. మిగతా తొమ్మిదీ నీళ్ళలో బురదై పోతుంది. మొదట్లో ఆ బురద చూసి ప్రాణం ఉసూరుమనేది. ఇప్పుడు వెలుతురుకు కట్టిన వెల అనుకుంటున్నాను.

మిషను జైపూర్ నుంచి తెప్పించాను. అడ్డంగా తిరిగే పళ్ళెం, దానిమీద చుక్క చుక్కగా నీళ్ళు, పక్కన ఒక నిలువు కమ్మి, ఆ కమ్మికి కోణం చూపే కొలత, రాయిని చుట్టూ తిప్పి ఆపడానికి 96 పళ్ళ చక్రం. మూడుకీ నాలుగుకీ ఆరుకీ ఎనిమిదికీ తెగే అంకె కాబట్టి 96. మామూలు గుండ్రటి బ్రిలియంట్ కోతకు 57 పలకలు. అడుగున 24 ముందు కోసి, మెరుగు పెట్టి, అప్పుడు రాయిని తిరగేసి పైన 33 కొయ్యాలి. పళ్ళేల మీద వజ్రపు రవ్వ ఉంటుంది. 600 నంబరు, 1200, 3000, చివర మెరుగుకు 50 వేల నంబరు పొడి. ఒక్క రాయికి నాకు ఏడెనిమిది గంటలు పడుతుంది, రెండు రోజుల్లో కానిస్తాను.

రాయిని ఇత్తడి పుల్లకు అంటించడానికి లక్క కావాలి. దానికి నేను జైపూర్ దాకా పోనక్కర్లేదు. లక్క బొమ్మల ఏటికొప్పాక మా జిల్లాలోనే ఉంది. అంకుడు కర్రను తరిణి పట్టి, తిరుగుతున్న బొమ్మకు లక్క పుల్లను ఒత్తితే ఆ రాపిడి వేడికే కరిగి రంగు పట్టేస్తుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడినుంచి తెచ్చుకున్న లక్కను స్పిరిట్ దీపం మీద మెత్తబరచి రాయికి పెడతాను. చల్లారితే ఉడుంపట్టు. మళ్ళీ వేడి చూపిస్తే వదులుతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏ రాయీ పొడిగా అరగదీయకండి. స్ఫటికం, అగేట్ లాంటి రాళ్ళ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, వస్తే పోదు. గుజరాత్ ఖంభాత్‌లో అగేట్ పూసలు చేసే కుటుంబాలు ఆ జబ్బుతో తరాలుగా కుంగిపోయాయి. నా మిషను దగ్గర నీళ్ళ చుక్క ఆగితే నా చెయ్యీ ఆగుతుంది.

రాళ్ళు అనగానే అందరూ అడిగేది ఒకటే. "మాస్టారూ, మన కరక రాళ్ళేనా?" ఇటువైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. గొలుగొండ మండలంలో కరక, పైన ఏజెన్సీలో జీకే వీధి మండలం సప్పర్ల, ఈ పేర్లు రంగురాళ్ళతోనే లోకానికి తెలిశాయి. వైడూర్యం, పగలు పచ్చగా ఉండి బల్బు కింద ఎర్రబడే అలెగ్జాండ్రైట్ తూర్పు కనుమల కడుపులో ఉన్నాయి. మా కొండల ఎర్రటి రాయిని ఖోండలైట్ అంటారు. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి ఖోండు గిరిజనుల పేరు దానికి పెట్టాడు. కోణార్క గుడి కట్టింది ఆ జాతి రాయితోనే. పగలగొట్టిన ముక్కను ఎండలో తిప్పితే ఎర్ర చుక్కలు కనబడతాయి. అవి గార్నెట్లే, కాకపోతే బీటలు వారి కోతకు పనికిరావు.

అయినా నేను ఆ కొండల రాళ్ళు కొనను. రాత్రిళ్ళు దొంగచాటుగా గోతులు తవ్వుతారు, గోడలకు ఊతం ఉండదు, వాన పడితే కూలుతుంది. మట్టి కింద పడి కూలీలు చనిపోయిన వార్తలు మా పేపర్లలో ఎన్నిసార్లు చదివానో. పోయేది గిరిజన కుర్రాళ్ళు, రాయి డబ్బు చేరేది వేరే ఊళ్ళకు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం ఉంది. బొర్రా ప్రాంతం గనుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు, అలాంటి భూమిలో గిరిజనేతరులకు గనుల లీజు కూడా చెల్లదంది. ఇంత తెలిసీ గుడ్డముక్కలో మూటగట్టి తెచ్చిన రాయిని నా బల్ల మీద ఎలా పెట్టుకోను? బిల్లు ఇచ్చే జైపూర్ వర్తకుల దగ్గర రాజస్థాన్ గార్నెట్ కొంటాను. అమ్మేటప్పుడు ఆ మాటే రాస్తాను.

గార్నెట్‌నే పట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది. అది మన తెలుగు నేల రాయి కూడా. కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట గార్నెట్‌కూ, పుదుచ్చేరి పక్కన అరికమేడు తవ్వకాల్లో దొరికిన గార్నెట్‌కూ ఉన్న సంబంధాన్ని యూరప్, భారత పరిశోధకులు కలిసి 2017లో ప్రచురించారు. రాయి లోపలి సూదుల్లాంటి గింజలు, రసాయన పాళ్ళు సరిపోయాయి. అరికమేడు రోము వర్తకులతో వ్యాపారం నడిచిన పూసల పట్నం. అంటే రెండు వేల ఏళ్ళనాడు ఈ ఎరుపును అరగదీసిన చేతులున్నాయన్నమాట.

కొన్న ముడిరాయి గాజు కాదని తేల్చుకోవడం కూడా ముచ్చటైన పనే. గిన్నెలో నీళ్ళు పోసి, థర్మోకోల్ ముక్కమీద రాయిని తేలవేసి, నియోడిమియం అయస్కాంతం దగ్గర పెడతాను. ఎర్ర గార్నెట్‌లో ఇనుము ఉంటుంది కాబట్టి పడవ మెల్లగా అయస్కాంతం వైపు నడిచి వస్తుంది. ఎర్ర గాజు కదలదు, కెంపు కదలదు. ఇది చూపిస్తే మా వీధి పిల్లలు కదలకుండా కూర్చుంటారు.

ఇక ఫోటో. ఈ పనిలో నన్ను నిలవనీయనిది ఇదే.

నేను ఆన్‌లైన్‌లో అమ్మిన మొదటి రాయి తిరిగొచ్చింది. హైదరాబాద్‌లో ఒకావిడ కొన్నారు. "ఫోటోలో దానిమ్మగింజలా ఉంది, చేతికి నల్లగా వచ్చిందండీ" అని రాశారు. డబ్బు వెంటనే పంపేశాను గానీ ఆ మాట వారం రోజులు నిద్రపోనివ్వలేదు. నేను రంగు కలపలేదు. మిట్టమధ్యాహ్నం డాబా మీద ఎండలో తీశాను. సూటి ఎండ ఎంత ముదురు గార్నెట్‌నైనా వెలిగిస్తుంది. ఆవిడ ఇంట్లో ఉన్నది ట్యూబ్‌లైటు. ఆ తెల్లటి కాంతిలో ఎరుపు పాలు తక్కువ, అందుకని అదే రాయి బొగ్గులా కనిపించింది. ఫోటో అబద్ధం కాదు, కానీ ఆవిడ చూడబోయే నిజమూ కాదు.

అప్పటినుంచి పద్ధతి మార్చాను. ఫోటోలు తీసేది మా మనవరాలు, ఇంటర్ చదువుతోంది. ఉత్తరం కిటికీకి ట్రేసింగ్ కాగితం అతికించాం. సూటి ఎండ రాదు, పాలలాంటి వెలుతురు వస్తుంది. ఉదయం తొమ్మిది నుంచి పది వరకు మాకు మంచి వేళ. రాయిని స్పిరిట్‌తో తుడిచి పట్టకారుతోనే ముట్టాలి. కంటికి ఆనని వేలిముద్ర ఫోటోలో మరకై కూర్చుంటుంది. పలకలన్నీ అద్దాలే కాబట్టి నల్లటి ఫోనూ, తీసేవాళ్ళ తలా అందులో పడతాయి. దానికి తెల్ల అట్టకు మధ్యలో చిల్లు చేసి, ఆ చిల్లులోంచి లెన్సు చూసేట్టు పెట్టాం. అప్పుడు రాయికి ఎదురుగా కనిపించేది తెల్లదనమే.

ఫోను కెమెరాకు ఎరుపుతో పేచీ ఉంది. ముదురు రాయిని చూసి చీకటనుకుని వెలుగు పెంచేస్తుంది. ఎరుపు పొంగి, పలకల అంచులు కలిసిపోయి, ముద్ద కుంకుమలా తయారవుతుంది. కాబట్టి ఎక్స్‌పోజర్ చేత్తో తగ్గించాలి. పక్కన బూడిదరంగు అట్టముక్క ఒకటి ఉంచుతాం. ఫోటోలో ఆ అట్ట నీలంగానో పసుపుగానో తేలితే వైట్ బ్యాలెన్స్ తప్పిందని అర్థం, అది అసలు బూడిదరంగులోకి వచ్చేదాకా సరిచేస్తాం. రంగు గాఢతను మాత్రం ముట్టుకోం. చివర రాయిని ఫోను తెర పక్కన పెట్టి రెంటినీ చూస్తాం. తేడా ఉంటే మళ్ళీ తీస్తాం.

ఒకసారి మనవరాలు, "కొంచెం ఎర్రగా చేస్తే ఏటి తాతా, అందరూ చేస్తున్నారు" అంది. హైదరాబాద్ ఆవిడ ఉత్తరం తీసి చదివించాను. చదివి, తనే ఒక ఉపాయం చెప్పింది. అప్పటినుంచి ఒక్కో రాయికి మూడు బొమ్మలు పెడుతున్నాం. కిటికీ వెలుతురులో ఒకటి, పాతకాలపు పసుపు బల్బు కింద ఒకటి, ట్యూబ్‌లైటు కింద ఒకటి. మూడోదాంట్లో రాయి నల్లగానే ఉంటుంది, ఉండనిస్తాం. మిల్లీమీటర్ల స్కేలు పక్కన పెట్టి ఇంకొకటి. లోపల మచ్చ ఉంటే దానికి దగ్గరగా వేరే ఫోటో. పట్టకారుతో మెల్లగా తిప్పుతూ పది సెకన్ల వీడియో. అమ్మకం నెమ్మదిగా సాగుతోంది గానీ, అలా పెట్టడం మొదలుపెట్టాక ఒక్క రాయీ వెనక్కి రాలేదు.

రాహుదోషానికి పనిచేస్తుందా అని అడిగేవాళ్ళుంటారు. వాళ్ళు చెప్పే గోమేధికమూ గార్నెట్ కుటుంబంలోదే, తేనెరంగుది. వాళ్ళ నమ్మకాన్ని నేను కాదనను. రాయి పేరు, బరువు, కొలత, పుట్టిన చోటు, వీటికే నా పూచీ అని మాత్రం చెబుతాను.

ముదురు రాళ్ళను కొయ్యడం కూడా ఆ ట్యూబ్‌లైటు ఫోటో చూశాకే మార్చుకున్నాను. రాయి ఎంత మందమైతే వెలుతురు అంత దూరం నడవాలి, అంత ఎరుపు మింగుడుపడి నలుపు తేలుతుంది. అందుకని ఇప్పుడు పెద్ద ముడిరాయి చేతికొస్తే రెండు ముక్కలు చేస్తున్నాను. 3 క్యారట్ల నల్లరాయి కంటే ఒక్కొక్కటి క్యారట్ తూగే రెండు ఎర్రరాళ్ళు నాకు ముద్దు. నిన్న రాత్రి అలాంటి జంటలో మొదటిదానికి టేబుల్, అంటే పైన ఉండే పెద్ద పలక, మెరుగు పూర్తయింది. లక్క వదిలించి స్పిరిట్‌లో వేసి ఉంచాను. తొమ్మిది కావస్తోంది. మనవరాలు కిటికీ దగ్గర అట్ట నిలబెట్టి, "తాతా, వెలుతురు వచ్చేసింది, తే" అంటోంది.