నడిపే తీరే.. కారుకు ఆయువు

కర్నూలు, కడప: ఒకే ఏడాది కొన్న ఒకే రకం కార్లు రెండు. ఒకటి ఏళ్ల తరబడి సాఫీగా తిరుగుతుంటే, మరొకటి తరచూ మెకానిక్‌ షెడ్డులో దర్శనమిస్తుంది. తప్పు కంపెనీదనో, రోడ్లదనో యజమానులు సరిపెట్టుకుంటారు. వాస్తవానికి తేడా చాలావరకు నడిపే అలవాట్లలోనే ఉంటుంది. మండే ఎండలు, దుమ్ము, ఘాట్‌ మలుపులు ఉన్న సీమలో చిన్న పొరపాటుకైనా మూల్యం ఎక్కువే. ఒక్కోసారి అది డబ్బుతో పోయేది కాదు.

దిగువన న్యూట్రల్‌ వద్దు

రాయచోటి నుంచి కడపకు వచ్చేవారు గువ్వలచెరువులో ఆగి పాలకోవా కొనుక్కుని ఘాట్‌ దిగడం పరిపాటి. ఇంధనం ఆదా అవుతుందని కొందరు ఆ దిగువలో బండిని న్యూట్రల్‌లో వదిలేస్తారు. ఇది అపోహ. నేటి ఇంజెక్షన్‌ ఇంజిన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్‌ వదిలితే ఇంధన సరఫరా దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్‌ ఆగిపోకుండా ఉండేందుకు ఇంధనం ఖర్చవుతూనే ఉంటుంది. ఆదా లేకపోగా, బండి భారమంతా బ్రేకులపైనే పడుతుంది.

ఎడతెగకుండా తొక్కితే బ్రేక్‌ ప్యాడ్లు వేడెక్కి పట్టు కోల్పోతాయి. పాతబడిన బ్రేక్‌ ఆయిల్‌ తేమను పీల్చుకుని ఉంటుంది. వేడికి అది మరిగి బుడగలు ఏర్పడితే పెడల్‌ అడుగంటా తొక్కినా బండి ఆగదు. అందుకే ఘాట్‌ మొదట్లోనే రెండు లేదా మూడో గేరుకు మారాలి. బ్రేకును అవసరమైనచోట గట్టిగా వేసి వదలాలి. నంద్యాల-గిద్దలూరు, ఆత్మకూరు-దోర్నాల మార్గాల్లోని నల్లమల ఘాట్లకూ ఇదే సూత్రం.

క్లచ్‌పై కాలు.. జేబుకు చిల్లు

పట్టణంలో నడిపేటప్పుడు క్లచ్‌ పెడల్‌పై కాలు ఆనించి ఉంచడం చాలామందికి అలవాటు. దీనివల్ల క్లచ్‌ ప్లేటు రాపిడికి గురై త్వరగా అరిగిపోతుంది. ఎత్తులో నిలిచినప్పుడు హ్యాండ్‌ బ్రేకు వాడాలే తప్ప సగం క్లచ్‌తో బండిని ఆపి ఉంచరాదు.

హైదరాబాద్‌-బెంగళూరు జాతీయ రహదారి 44పై వేగం పెంచే ముందు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం 80 నుంచి 100 కిలోమీటర్లకు పెరిగితే ఆ నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. దాంతో ఇంధన వినియోగమూ పెరుగుతుంది.

ఎండ, దుమ్ముతో జాగ్రత్త

గాలి తక్కువగా ఉన్న టైర్ల అంచులు త్వరగా అరుగుతాయి. వేసవి రోడ్డుపై అవి మరింత వేడెక్కి పేలే ప్రమాదమూ ఉంది. గాలిని ఉదయం, బండి కదలకముందే చూసుకోవాలి. ప్రయాణం మధ్యలో టైరు వేడిమీద ఉన్నప్పుడు గాలి తీయరాదు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గేలోపే మార్చడం తప్పనిసరి.

రేడియేటర్‌లో బోరునీరు పోయడం మరో పొరపాటు. అందులోని లవణాలు లోపల పొలుసుగా పేరుకుని ఇంజిన్‌ వేడెక్కేలా చేస్తాయి. కంపెనీ సూచించిన కూలెంట్‌నే వాడాలి. ఇంజిన్‌ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్‌ మూత తెరిస్తే ఒళ్లు కాలుతుంది.

యర్రగుంట్ల సిమెంటు కర్మాగారాలు, బేతంచెర్ల నాపరాళ్ల పాలిష్‌ యూనిట్ల పరిసరాల్లో తిరిగే బండ్ల ఎయిర్‌ ఫిల్టర్‌ను సర్వీసు గడువు వరకు ఆగకుండా ముందే పరిశీలించాలి. అది మూసుకుపోతే ఇంజిన్‌ శక్తి తగ్గుతుంది. చిరిగితే దుమ్ము లోపలికి చేరి సిలిండర్లను అరగదీస్తుంది.

డీజిల్‌ యజమానులకు

2020 ఏప్రిల్‌ 1 నుంచి అమలైన బీఎస్‌-6 ప్రమాణాల డీజిల్‌ కార్లలో పొగమసిని పట్టే ఫిల్టర్‌ ఉంటుంది. ఇంటి నుంచి బజారుకు పొట్టి ప్రయాణాలే చేస్తే అది మసితో నిండుతుంది. అప్పుడప్పుడు రహదారిపై నిలకడైన వేగంతో నడిపితే ఆ మసి కాలిపోతుంది. అలాగే దూరప్రయాణం ముగిశాక ఇంజిన్‌ను వెంటనే ఆపకుండా ఒక నిమిషం నెమ్మదిగా తిరగనిస్తే టర్బో చల్లబడి ఎక్కువ కాలం మన్నుతుంది.

ఈ జాగ్రత్తల్లో చాలావాటికి పైసా ఖర్చు లేదు. కాలి అలవాటు మార్చుకుంటే బ్రేకులు, క్లచ్‌, టైర్లు ఎక్కువ కాలం మన్నుతాయి. ఘాట్‌ దిగే కుటుంబమూ క్షేమంగా ఇల్లు చేరుతుంది.