పల్నాడులో విత్తన దుకాణాల తనిఖీ: చట్టం నిర్దేశించిన పద్ధతి

నరసరావుపేట: పత్తి, మిరప విస్తారంగా సాగయ్యే పల్నాడులో నాసిరకం విత్తనం వలన కలిగే నష్టం ఆలస్యంగా బయటపడుతుంది. మొలక రాకపోతే కొద్ది రోజులలోనే తెలుస్తుంది. జన్యు స్వచ్ఛత లేని విత్తనమైతే పూత, కాపు దశ వరకు తెలియదు. అప్పటికి కౌలు, ఎరువులు, కూలి ఖర్చులన్నీ పెట్టి ఉంటారు. అదను తిరిగి రాదు.

విత్తనాల చట్టం, 1966 ప్రకారం ఇన్‌స్పెక్టరు నమూనా తీసే ముందు వర్తకునికి లిఖితపూర్వకంగా తెలియజేయాలి. నమూనాను మూడు భాగాలు చేసి, ముద్ర వేసి, ఒకటి వర్తకునికి ఇచ్చి, ఒకటి విశ్లేషణకు పంపి, మూడవది భద్రపరచాలి. వర్తకుడు కోరితే నమూనా ధర చెల్లించవలసి ఉంటుంది. కేసు దాఖలైన పిదప న్యాయస్థానం ద్వారా కేంద్ర విత్తన ప్రయోగశాల పరీక్షను కోరే హక్కు వర్తకునికీ, ఫిర్యాదుదారునికీ కలదు. ఈ పద్ధతిలో ఒక మెట్టు తప్పినా దోషి తప్పించుకొనవచ్చు, నిర్దోషి నష్టపోవచ్చు.

అసలు చిక్కు కాలానిది. అనుమానిత సరుకు అమ్మకాన్ని నిలుపుదల చేసే ఉత్తర్వుకు చట్టం ఇచ్చిన గడువు 30 రోజులకు మించదు. విత్తన నియంత్రణ ఉత్తర్వు, 1983 ప్రయోగశాలకు ఇచ్చిన గడువు 60 రోజులు. జూన్‌లో నమూనా తీస్తే నివేదిక వచ్చేసరికి విత్తనం భూమిలో పడి ఉంటుంది. కనుక సీజనుకు ముందు చేసే తనిఖీలే ఎక్కువ ఫలితమిస్తాయి.

మొదటి నేరానికి 1966 చట్టం విధించిన జరిమానా గరిష్ఠంగా 500 రూపాయలు మాత్రమే. వర్తకుడు నిజంగా జంకేది లైసెన్సు పోతుందనే. అయితే లైసెన్సును నిలిపివేసే లేదా రద్దు చేసే ముందు వర్తకుని వాదన వినడం తప్పనిసరి. ఆ ఉత్తర్వుపై 60 రోజులలో అప్పీలు చేసుకొనవచ్చు.

ధర విషయంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించి, అదే సంవత్సరం 450 గ్రాముల బీటీ పత్తి ప్యాకెట్ ధరను 750 రూపాయలుగా నిర్ణయించింది. 2007లో పత్తి విత్తనాలకు ప్రత్యేక చట్టం చేసింది.

ప్రతి దుకాణంలో నిల్వలు, ధరల పట్టిక ప్రదర్శించాలి. కొన్నవారికి బిల్లు ఇవ్వాలి. లాట్ నంబరుతో కూడిన బిల్లు, ఖాళీ సంచి, దాని లేబులు పంట చేతికి వచ్చేవరకు రైతు వద్ద ఉండటం అవసరం. జాతీయ విత్తన సంస్థపై ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసులలో సుప్రీంకోర్టు 2012లో తీర్పునిస్తూ, రైతు వినియోగదారుల ఫోరంలో పరిహారం కోరవచ్చునని, పరీక్ష కోసం కొంత విత్తనం దాచి ఉంచాలని అతని నుండి ఆశించరాదని స్పష్టం చేసింది.