మౌసా... కంట్రోలరా? ముందు ఏది కొనాలి?

కానూరులోనో గుడ్లవల్లేరులోనో హాస్టల్ గదిలో ఈ వాదన మొదలైతే ఓ పట్టాన తెగదు. సరదాకి ఆడేవాళ్లయితే ఎవరి ఇష్టం వాళ్లది. హైదరాబాద్‌లోని ఈఏ, బెంగళూరులోని రాక్‌స్టార్, పుణెలోని యూబీసాఫ్ట్ లాంటి చోట్ల ఉద్యోగంపై కన్నేసినవాళ్లు మాత్రం ఈ రెండూ ఎలా పనిచేస్తాయో తెలుసుకోవాల్సిందే.

మౌస్ ఎంత జరిపితే గేమ్‌లో మన చూపు అంతే తిరుగుతుంది. చెయ్యి ఆగితే అదీ ఆగుతుంది. కంట్రోలర్ స్టిక్ అలా కాదు. వంచి పట్టుకున్నంతసేపూ చూపు తిరుగుతూనే ఉంటుంది. ఎంత వంచితే అంత వేగం. సరిగ్గా గురి దగ్గర వదలాలి. అందుకే షూటింగ్ గేముల్లో మౌస్‌దే పైచేయి. చాలా గేముల్లో కంట్రోలర్ వాళ్ల గురిని కాస్త సరిచేసే ‘ఎయిమ్ అసిస్ట్’ పెట్టేదీ అందుకే. వాలరెంట్ 2024లో కన్సోళ్లకు వచ్చినా, వాళ్లనీ పీసీ ఆటగాళ్లనీ కలిపి ఆడించరు.

రేసింగ్, ఫుట్‌బాల్ దగ్గరకొస్తే సీన్ రివర్స్. మీట నొక్కామా, లేదా... కీబోర్డుకు తెలిసింది అంతే. బందరు రోడ్డు ట్రాఫిక్‌లో బండి హ్యాండిల్ పూర్తిగా అటో ఇటో మాత్రమే తిరిగితే ఎలా ఉంటుంది? కంట్రోలర్‌తో అయితే కావాల్సినంతే వంపు, కావాల్సినంతే యాక్సిలరేటర్.

జేబులో డబ్బు ఒక్కదానికే ఉంటే మౌసే కొనండి. కొన్ని వందల్లో వస్తుంది. యూనిటీ, అన్‌రియల్ ఇంజిన్ నేర్చుకోవాలన్నా అదే కావాలి. కంట్రోలర్‌ను తర్వాత నలుగురు కలిసి కొనుక్కున్నా చాలు.

అలాగని దాన్ని పూర్తిగా వదిలేయొద్దు. ఆట మధ్యలో కంట్రోలర్ వైరు పీకేస్తే గేమ్ ఆగుతోందా? కీబోర్డు వదిలి కంట్రోలర్ పట్టగానే, ‘ఈ’ మీట నొక్కమని తెరపై ఉన్న సూచన ‘ఏ’ బటన్‌గా మారుతోందా? బటన్లు మనకు నచ్చినట్టు మార్చుకునే వీలుందా? గేమ్ టెస్టర్ చూసేది ఇలాంటివే. లోపం పట్టుకుంటే సరిపోదు, ఏమేం చేస్తే అది మళ్లీ వస్తుందో వరసగా రాయగలగాలి. మీరు ఆడే గేమ్‌పైనే అలాంటి రిపోర్టు ఒకటి రాసి రెజ్యుమెకు జతచేయండి. ‘గేమ్స్ అంటే పిచ్చి’ అని రాసుకోవడం కంటే నయం.

సెకండ్ హ్యాండ్ కంట్రోలర్ కొంటుంటే డబ్బులిచ్చే ముందు చిన్న పరీక్ష. దాన్ని ల్యాప్‌టాప్‌కు తగిలించి, విండోస్‌లో ‘రన్’ తెరిచి ఇంగ్లిష్‌లో జె, ఓ, వై, డాట్, సి, పి, ఎల్ అని టైప్ చేసి, ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. స్టిక్ ముట్టుకోకపోయినా గుర్తు పక్కకు జారిపోతోందా? ఇక బేరం కూడా ఆడొద్దు.